గొంతు పోయింది, ఎకో మిగిలింది

ప్రశ్న: అన్నా, నాది ప్రొద్దుటూరు. మా జేజినాయన బ్రహ్మంగారి తత్వాలు పాడతాడు. వయసు 78. ఆయన హార్మోనియం పట్టుకుంటే పక్కన ఒకాయన డోలక్, ఇద్దరు తాళాలు. ఇదంతా ఇంట్లోనే రికార్డు చేసి పెట్టుకోవాలని మా బావ దగ్గర 8 ఛానెళ్ల మిక్సర్, నాలుగు మైకులు తెచ్చుకున్నా. ఆయనకు సౌండ్ సిస్టం బాడుగకిచ్చే అంగడి ఉంది. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్ఫేస్, అంటే శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి పంపే పెట్టె, నేనే కొన్నా. మిక్సర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి పి38 (పావు అంగుళం లావు పిన్ను) స్టీరియో వైరు ఒకటి తెచ్చి ఇంటర్ఫేస్ ఒకటో ఇన్‌పుట్‌లో పెట్టినా. రికార్డయింది వినడానికి ఇంటర్ఫేస్ వెనక నుంచి రెండు వైర్లు మిక్సర్ 7–8 ఛానెల్‌కు తెచ్చినా. వైరు పీకి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మిక్సర్‌లో అంతా బాగుంది. లాప్‌టాప్‌లో మాత్రం జేజినాయన బావిలో కూర్చొని పాడినట్టుంది. గొంతు లేదు, ఎకో ఉంది. హార్మోనియం కూడా పోయింది. తాళం ఒక్కటే ఖంగుమంటోంది. దానికితోడు సన్నగా గుయ్యిమని మోత. ఇంటర్ఫేస్ చెడిపోయింది, వెనక్కి పంపి నాలుగు ఇన్‌పుట్లది తెప్పించుకో అంటున్నారు స్నేహితులు. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, పెట్టె వెనక్కి పంపొద్దు. దానికేం కాలేదు. గొంతు పోయి ఎకో మిగిలిందని రాసినావు చూడు, ఆ ఒక్క మాటతోనే తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. వైరు మంచిదే. దాన్ని పెట్టిన చోటు మంచిది కాదు.

నమ్మకం కుదరకపోతే రూపాయి ఖర్చు లేకుండా ఒక పరీక్ష చెయ్యి. ఇప్పుడున్న కనెక్షన్ అట్లనే ఉంచు. జేజినాయన మైకు ఛానెల్‌లో శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే పాన్ అనే బొత్తాం ఉంటుంది, దాన్ని పూర్తిగా ఎడమకు తిప్పి రెండు నిమిషాలు రికార్డు చేసి విను. గొంతు తిరిగొచ్చి ఉంటుంది. ఇంకొకటి కూడా ఇక్కడ కూర్చొనే చెప్తా: తాళం మైకు ఛానెల్‌లో పాన్ బొత్తాం నడిమధ్యలో లేదు. ఎవరి చెయ్యో తగిలి ఒక పక్కకు తిరిగి ఉంటుంది. అందుకే తాళం ఒక్కటే బతికింది.

అంగళ్లలో ఆ పిన్నుకు ‘స్టీరియో’ అని పేరు పెట్టడంతోనే సగం గోల మొదలైంది. పిన్ను మీద ఒక నల్ల గీత ఉంటే మోనో, రెండుంటే స్టీరియో అని ఇచ్చేస్తారు. రెండు గీతల పిన్నుకు ఉండేది మూడు భాగాలు, అంతే: కొన, నడుమ ఉంగరం, మొదలు. వాటిని ఎట్లా వాడుకోవాలనేది పిన్ను చేతిలో లేదు, సాకెట్ చేతిలో ఉంది. హెడ్‌ఫోన్ సాకెట్ కొన మీద ఎడమ చెవి శబ్దాన్ని, ఉంగరం మీద కుడి చెవి శబ్దాన్ని పంపుతుంది. నీ ఇంటర్ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కు ఈ సంగతి తెలియదు. అది బ్యాలెన్స్‌డ్ సాకెట్. రెండు తీగల మీదా ఒకే శబ్దం వస్తుందని, ఉంగరం మీద వచ్చేది మాత్రం తిరగేసి వస్తుందని దాని నమ్మకం. అందుకని అది కొన మీద వచ్చిన దాంట్లోంచి ఉంగరం మీద వచ్చినదాన్ని తీసేస్తుంది. తిరగేసి వచ్చినదాన్ని తీసేయడమంటే కలపడమే కదా, పాట రెట్టింపవుతుంది. దారిలో వైరుకు అంటుకున్న కరెంటు మోత రెండు తీగల మీదా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి పోయి సున్నా. జాతరలో జనరేటర్ పక్కనుంచి మైకు వైర్లు బారెడు బారెడు లాగినా మోత పెద్దగా రాదంటే ఈ తీసివేత పుణ్యమే.

మరి నీ దగ్గర ఏమైంది? జేజినాయన ఛానెల్ పాన్ మధ్యలో ఉంది. అంటే ఆయన గొంతు కొన మీదా ఉంగరం మీదా సరిసమానంగా వచ్చింది. రెండు తీగల మీదా ఒకే తీరుగా ఉన్నదంటే మోతే అనుకొని ఇంటర్ఫేస్ ఆయన గొంతునే తుడిచేసింది. హార్మోనియం గతీ అంతే. మిక్సర్‌లోని ఎకో మాత్రం ఎడమ చెవికి ఒక తీరు, కుడి చెవికి ఇంకో తీరు వస్తుంది. రెండూ ఒకటి కావు కాబట్టి తీసివేతలో పూర్తిగా పోదు. దానికితోడు పక్కకు తిరిగిన తాళం మైకులోకి దూరం నుంచి పడిన గొంతు కాస్త. ఈ రెండూ కలిసి నీకు బావి కట్టించినాయి.

అందుకని హెడ్‌ఫోన్ సాకెట్‌ను హెడ్‌ఫోన్‌కు వదిలెయ్యి. రికార్డింగ్‌కు మిక్సర్ వెనకో పైనో మెయిన్ అవుట్ అని రెండు సాకెట్లు ఉంటాయి, ఎడమ ఒకటి, కుడి ఒకటి. పాఠం ప్రకారం అయితే ఎడమది ఇంటర్ఫేస్ ఒకటో లైన్ ఇన్‌పుట్‌కు, కుడిది రెండో దానికి, రెండు విడి వైర్లతో పోవాలి. అన్ని పుస్తకాల్లోనూ ఇదే బొమ్మ ఉంటుంది. నీకు మాత్రం నేను ఈ పద్ధతి చెప్పను. ఎందుకో చెప్పాలంటే నా తెలివితక్కువతనం ఒకటి బయటపెట్టాలి.

చాలా ఏండ్ల కిందట ఒక పల్లెలో చెక్కభజన రికార్డు చేసినాను. ఆరు మైకులు మిక్సర్‌లో కలిపి, ఎడమ కుడి రెండు వైర్లుగా లాప్‌టాప్‌లోకి తీసుకున్నాను. గుడి ముందర అరుగు మీద హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అమోఘంగా ఉంది. ఎందుకుండదు? ఎదురుగా మనుషులు పాడుతున్నారు, ఆ గొంతులు హెడ్‌ఫోన్ దాటుకొని చెవిలోకి నేరుగా వస్తున్నాయి. ఇంటికొచ్చి వింటే చెక్కల మోతే మోత. తగ్గిద్దామంటే చెక్కతో పాటు పాటా తగ్గుతుంది. ముందుండి పాడినాయనకు పెన్‌డ్రైవ్ తీసుకుపోయి ఇస్తే మొత్తం విని, “బాగా కొట్టినారప్పా. పాడిందెవరు?” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మంట పెడుతుంది. మిక్సర్‌లో కలిపేసింది సంగట్లో కలిపిన నెయ్యి లాంటిది, మళ్లీ విడదీసుకోలేవు. మిక్సర్‌కు 8 ఛానెళ్లుంటేనేం, 16 ఉంటేనేం, నీ ఇంటర్ఫేస్‌లోకి పోయే దారులు రెండే. ఆ రెండు దారుల్లో ఏది పంపుతున్నావు అన్నదే అసలు సంగతి.

నువ్వు రికార్డు చేస్తున్నది జేజినాయనను. కాబట్టి ఒక దారి మొత్తం ఆయన గొంతుకే రాసిచ్చెయ్యి. ఆయన మైకును మిక్సర్ దగ్గరికే పోనీయకు. మూడు కాళ్ల కెనాన్ (ఎక్స్‌ఎల్‌ఆర్) పిన్నుతో నేరుగా ఇంటర్ఫేస్ ఒకటో ఇన్‌పుట్‌లో పెట్టు. మిగిలిన మూడు మైకులు, హార్మోనియం, డోలక్, తాళాలకు కలిపి ఒకటి, మిక్సర్‌లోకి. మూడింటి పాన్ బొత్తాలూ సరిగ్గా మధ్యలో ఉంచి, మిక్సర్ మెయిన్ అవుట్‌లో ఎడమది ఒక్కటే ఇంటర్ఫేస్ రెండో ఇన్‌పుట్‌కు తీసుకో. ఆ వైరు ఏది? నీ దగ్గరున్న ఆ పి38 స్టీరియో వైరే. మెయిన్ అవుట్ నుంచి బయల్దేరితే అదే వైరు బ్యాలెన్స్‌డ్ వైరుగా పనిచేస్తుంది. ఖర్చు సున్నా. నాలుగు ఇన్‌పుట్ల పెట్టె గురించి తర్వాత ఎప్పుడైనా ఆలోచిద్దువు గాని.

మీ బావ మిక్సర్‌కు మెయిన్ అవుట్ దగ్గర పి38 బొక్కలు లేకుండా కెనాన్ మాత్రమే ఉంటే, ఒక పక్క కెనాన్, ఇంకో పక్క రెండు గీతల పి38 ఉన్న వైరు కొనుక్కో. కెనాన్ నుంచి కెనాన్‌కు మైకు వైరు ఉంది కదా అని దాన్ని ఇంటర్ఫేస్‌లో గుచ్చొద్దు. నీ పెట్టెలో గుండ్రని కాంబో సాకెట్లు ఉంటాయి. కెనాన్ గుచ్చితే మైకు దారి, పి38 గుచ్చితే లైన్ దారి. మైకు నుంచి వచ్చేది వోల్టులో వెయ్యో వంతులు కొన్ని. మిక్సర్ మెయిన్ అవుట్ మామూలు స్థాయి 1.23 వోల్టులు. చెవిలో గుసగుసలాడే మనిషి కోసం పెట్టిన చెవిలో లౌడ్‌స్పీకర్ పెట్టినట్టుంటుంది. పైగా కొన్ని రకాల మైకులకు కరెంటు పంపే, 48 వి అని రాసున్న మీట పొరపాటున వేసి ఉంటే ఆ 48 వోల్టులు వైరు వెంట ఎదురుపోయి మిక్సర్ అవుట్‌పుట్‌లోకి దిగుతాయి. పి38 దారిలో ఆ బెడద లేదు. బాడుగ అంగళ్లలో ఇచ్చే మైకులు ఎక్కువగా షూర్ ఎస్‌ఎం58 తరహా డైనమిక్ మైకులే. వాటికి 48 వోల్టులు అక్కర్లేదు, ఆ మీట ముట్టుకోవద్దు. రెండో ఇన్‌పుట్ పక్కన ఇన్‌స్ట్రుమెంట్ అనే మీట ఉంటే అది కూడా ఆపి ఉంచు. అది గిటార్ల కోసం.

ఇప్పుడు 7–8 ఛానెల్ సంగతి. దాని గురించి నువ్వు ప్రశ్న అడగలేదు. ఎందుకు అడగలేదంటే అది ఇంకా నిన్ను కరవలేదు. లాప్‌టాప్ శబ్దం ఇంటర్ఫేస్ నుంచి మిక్సర్‌లోకి వస్తోంది. మిక్సర్ దాన్ని మళ్లీ ఇంటర్ఫేస్‌కు పంపుతోంది. సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ (లోపలికి వస్తున్నదాన్ని అప్పటికప్పుడే వినిపించడం) వేసి ఉంటే అది మళ్లీ మిక్సర్‌కు వస్తుంది. గుండ్రంగా తిరిగే గానుగ అది. ఇన్నాళ్లూ కూత పెట్టలేదంటే కారణం ఆ తప్పు వైరే. లాప్‌టాప్ నుంచి వచ్చే మోనో శబ్దం ఎడమ కుడి సమానంగా ఉంటుంది కాబట్టి దాన్ని కూడా తుడిచేస్తూ వచ్చింది. ఒక తప్పు ఇంకో తప్పును కాసింది. వైరు సరిచేసిన మరుక్షణం ఈలపాట మొదలవుతుంది. కాబట్టి ముందు ఆ రెండు వైర్లూ పీకెయ్యి. వినడానికి ఇంటర్ఫేస్‌కే హెడ్‌ఫోన్ సాకెట్ ఉంది, అందులో పెట్టుకో. డైరెక్ట్ మానిటర్ అనే మీట వేస్తే లోపలికి పోయేది పోయినట్టే వినిపిస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లోని మానిటరింగ్ ఆపెయ్యి, లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది.

వినేది నువ్వొక్కడివే, అది గుర్తుపెట్టుకో. జేజినాయన చెవులకు హెడ్‌ఫోన్ తగిలించొద్దు. తలకు ఆ కమ్మీ బిగించుకొని తత్వం పాడమంటే ఆయన పాడడు, పాడినా అది ఆయన పాట కాదు. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకోడు కాబట్టి నీకు ఒక లాభం కూడా ఉంది. శబ్దం ఆలస్యంగా వస్తుందని అందరూ బఫర్, అంటే లాప్‌టాప్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శబ్దం ముక్క, తగ్గించి తగ్గించి లాప్‌టాప్‌ను చంపుతారు. నీకు ఆ తొందర లేదు. బఫర్ 1024 శాంపిళ్లు పెట్టెయ్యి. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన అది 21 మిల్లీసెకన్లు, నీ పనికి అడ్డు కాదు. పాత లాప్‌టాప్ అయినా టిక్కు టిక్కుమనకుండా రికార్డు చేస్తుంది.

స్థాయిలు పెట్టడం దగ్గర ఓపిక కావాలి. మిక్సర్‌లో మూడు ఛానెళ్ల ఫేడర్లు (పైకీ కిందికీ జరిపే మీటలు), మెయిన్ ఫేడర్ 0 అని గీసిన గీత దగ్గర పెట్టి, పైనున్న గెయిన్ బొత్తాంతో ఒక్కో మైకునూ పెంచుకుంటూ రా. ఇంటర్ఫేస్ రెండో ఇన్‌పుట్ గెయిన్ పూర్తిగా కిందికి ఉంచి మొదలుపెట్టు. మిక్సర్ ఇప్పటికే పెంచి పంపుతోంది, మళ్లీ ఇక్కడ పెంచే పని పెద్దగా ఉండదు. సాఫ్ట్‌వేర్ మీటర్లో గొంతు గట్టిగా ఎత్తినప్పుడు −12 డెసిబెల్స్ దగ్గర తాకితే చాలు. తాళాలున్న ట్రాక్ ఎప్పుడైనా −6 దాకా ఎగిరినా పర్వాలేదు. 0 తాకితే మాత్రం శబ్దం తల తెగినట్టే, తర్వాత ఏ మందూ పనిచేయదు. “టెస్టింగ్, వన్ టూ త్రీ” అనిపించి స్థాయి పెట్టొద్దు. మనోళ్లు పల్లవి దగ్గర ఒద్దికగానే ఉంటారు, మూడో చరణానికి ఊపందుకుంటారు. ఆ ఊపులో ఉన్నప్పుడు చూసి పెట్టు. 24 బిట్ల రికార్డింగ్ పెట్టుకుంటే కాస్త తక్కువలో రికార్డయినా తర్వాత పెంచుకోవచ్చు. ఆ లెక్కన రెండు ట్రాకులకు గంటకు ఒక జీబీ చోటు పడుతుంది, అంతే.

మిక్సర్‌లో ఎకో బొత్తాం కింద నుంచి కదలనీయొద్దు. మన సౌండ్ సిస్టమ్ వాళ్లకు ఎకో అంటే ఉన్న ప్రేమ నాకు తెలుసు. భజన మందిరంలో మైకు పట్టుకున్నోడు దగ్గినా మూడుసార్లు వినబడాలి వాళ్లకు. ఎకో కావాలంటే రికార్డయినాక లాప్‌టాప్‌లో వేసుకో, నచ్చకపోతే తీసెయ్యి. వైరులో వచ్చిన ఎకో ఇక ఆ పాటకు చావుదాకా తోడు.

ఇంక ఆ గుయ్యిమనే మోత. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ ఊపే వినబడుతోంది. మొదట లాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడు. మోత ఆగిందా, దొంగ దొరికినాడు. రికార్డు చేసినంతసేపూ బ్యాటరీ మీదే నడుపు. ఆగకపోతే మిక్సర్, లాప్‌టాప్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడు. రెండూ వేరువేరు గదుల ప్లగ్గుల్లో ఉంటే ఎర్తింగ్ తేడాతో ఈ మోత వస్తుంది. పాత ఇండ్లలో అసలు ఎర్తింగే ఉండదు, అది కరెంటు పనాయనతో చేయించుకోవాల్సిన పని. ఎవరో ఒకరు వచ్చి మూడో పిన్ను పీకెయ్, మోత పోతుంది అంటారు. మోత పోయేమాట నిజమే, షాకు కొడితే మనిషీ పోతాడు. ఆ పని చేయొద్దు. మోత కాకుండా జుయ్‌జుయ్‌మని గీరినట్టు ఉంటే ఫ్యాన్ రెగ్యులేటర్నో ఎల్‌ఈడీ బల్బునో ఆపి చూడు.

వైర్ల సంగతి అయిపోయింది కానీ, గది సంగతి చెప్పకపోతే నీకు బావి మళ్లీ వస్తుంది, ఈసారి నిజం బావి. మన ఇండ్లలో నేల కడప బండలు, గోడలు సిమెంటు, పైన స్లాబు. చప్పట్లు కొట్టి చూడు, తిరిగి ఎంత గట్టిగా వస్తుందో. కింద రెండు జంపఖానాలు పరిచి, జేజినాయన మొఖం ఎదురుగా ఉన్న గోడకు ఒక బొంతో పరుపో ఆనించు. మైకు వెనక వైపే కాదు, ఆయన వీపు వెనక కూడా ఒకటి వేలాడదీస్తే మరీ మంచిది, ఎందుకంటే మైకు ముఖం చూసేది అటే. ఆ మైకుకు ముందర బాగా వినబడుతుంది, వెనక నుంచి వచ్చేది చాలా తక్కువ వినబడుతుంది. కాబట్టి తాళాలోళ్లను ఆయన పక్కన కాకుండా ఎదురుగా, మైకు వీపు వైపు, ఐదారడుగుల దూరంలో కూర్చోబెట్టు. నోటికీ మైకుకూ నడుమ జానెడు. తాళాల మైకు అసలు అవసరమే పడకపోవచ్చు, హార్మోనియం మైకులోకే కావాల్సినంత వచ్చి పడుతుంది. హార్మోనియం మైకును తిత్తి వైపు పెట్టొద్దు, గాలి బుస వస్తుంది.

ఎండాకాలంలో ఫ్యాను ఆపి పాడమనడం పాపమే. అందుకే తెల్లవారుజామున పెట్టుకో. చల్లగానూ ఉంటుంది, పక్కింటోళ్ల మోటారూ, వీధిలో ఆటోలూ ఉండవు. పెద్దాయన గొంతు ఆ పొద్దున తెరుచుకోవడానికి అరగంట పడుతుందంటే మొదటి రెండు తత్వాలు దానికి వదిలెయ్యి.

సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే. ఆడాసిటీ ఉచితం. రీపర్ 60 రోజులు పరీక్షగా వాడుకోవచ్చు, రెండు ఇన్‌పుట్లను రెండు విడి మోనో ట్రాకులుగా పెట్టుకోవడం అందులో తేలిక. ఒకటో ట్రాకుకు ఇన్‌పుట్ 1, రెండో దానికి ఇన్‌పుట్ 2. రెండింటినీ ఒకే స్టీరియో ట్రాకుగా తీసుకున్నా కొంపలేం మునగవు, తర్వాత విడగొట్టుకోవచ్చు. అప్పటిదాకా ఎడమ చెవిలో జేజినాయన, కుడి చెవిలో డోలక్ వినిపిస్తాయి, భయపడొద్దు.

చివరగా, రికార్డు బటన్ ఆయన వచ్చి కూర్చోకముందే నొక్కిపెట్టు. నొక్కినానని చెప్పొద్దు. హార్మోనియం తిత్తి సర్దుకుంటూ, డోలక్ శ్రుతి చూసుకుంటూ, తాళాలోళ్లను తిట్టుకుంటూ ఒక ముక్క పాడతాడు చూడు, అది కూడా పడాలి.